పేరుకొక డబ్బా

పేరుకొక డబ్బా అన్న మాటకి రైతుల సంఘాన్ని ఒప్పించింది గింజలమ్మే. విత్తనాల గదిలో సగం, పంట కొనే కంపెనీకి అద్దెకిచ్చేశారు. మధ్యలో గోడ లేచాక మిగిలిన సగంలో ఒక్క ఇనప బీరువా పడుతుంది, అంతే. అమ్ముడుపోయే రకాలు నాలుగు ఉంచుకుని తక్కిన చిక్కుడంతా కంపెనీకే ఇచ్చేద్దాం, పిండి పట్టుకుంటారు అన్నాడు కార్యదర్శి. ఆయన ఆమెకి స్వయానా మరిది. అయినా సమావేశంలో లేచి నిలబడి గొంతు బొంగురుపోయేదాకా వాదించింది.

"పేరు పెట్టి పిలుచుకున్న ప్రతి చిక్కుడుకీ ఆ బీరువాలో ఒక డబ్బా ఉండాలి. ఒక్క పేరు తగ్గిందా, తాళాలు నీ చేతిలో పెట్టి ఇంటికి పోతా" అంది.

తాళాలు తీసుకుంటే ఆ పని చేసేవాళ్ళు ఇంకొకరు లేరని మరిదికి తెలుసు.

"సరే వదినా. పేరుకొక డబ్బా. ఒకే పేరున్నవి మాత్రం ఒకచోట పోసెయ్. డబ్బా నిండా తీసుకుని మిగతాది కంపెనీ లారీకెత్తుదాం" అన్నాడు.

అది న్యాయంగానే తోచింది ఆమెకి. అందుకే ఇవాళ పొద్దుటి నుంచీ పోస్తూనే ఉంది.

ఒక్కో ఇంటి సంచీ విప్పుతుంది. గింజలు చాటలో పోసి చెరుగుతుంది. పుచ్చువీ తాలువీ ఏరి అవతల పారేస్తుంది. తర్వాత ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకుంటుంది. టక్కుమని విరిగితే ఎండినట్టు. పన్ను మెత్తగా దిగిందంటే సంచీ తిరుగుముఖం పట్టి మళ్ళీ ఎండకి పోవాల్సిందే, తెచ్చినవాళ్ళు ఎంత మొహం మాడ్చుకున్నా సరే. పని మొదలుపెడితే ఆమె తల ఎత్తదు. వరసలో నిలబడ్డవాళ్ళు చెప్పే పేర్లు చెవిలో పడుతుంటే చేతులు వాటంతటవే తగిన చోటికి పోతుంటాయి.

ఎర్ర చిక్కుడు చాలా ఇళ్ళ నుంచి వచ్చింది. దానికి డబ్బా కాదు, పెద్ద డ్రమ్మే పెట్టాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఎండలో గట్టుమీది పెద్దాయన వచ్చాడు. ఊరికి ఎగువన కొండవాలులో ఒంటరిగా ఉంటాడు. ఎవరితోనూ పెద్దగా కలవడు. భుజం మీది సంచీ దించి, నడుం నిలబెట్టుకోవడానికి గోడకి చెయ్యి ఆనించాడు.

"ఇంత బరువు నువ్వే మోసుకొచ్చావా బాబాయ్?"

"ఇంకెవరు మోస్తారు?"

"ఏం చిక్కుడు?"

"ఎర్ర చిక్కుడు."

చెరిగింది, కొరికింది. టక్కుమంది. చాట డ్రమ్ము మీదికి ఎత్తింది.

"ఆగాగు. అందులో పోస్తావేం?"

"అందులో ఉన్నదంతా ఎర్ర చిక్కుడే బాబాయ్."

"అది వేరు. ఇది మాది."

"ఎవరింటిది వాళ్ళదే. పేరొకటే కదా?"

"పేరొకటే" అన్నాడాయన, ఒప్పుకోక తప్పనట్టు. "అయినా కలపకు తల్లీ."

"తేడా ఏంటో చెప్పు, కలపను."

పెద్దాయన చాటలోంచి కొన్ని గింజలు తీసి అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. డ్రమ్ములోవి కొన్ని తీసి పక్కన పెట్టుకున్నాడు. కళ్ళు చికిలించి చూశాడు. రెండూ ఒకేలా ఎర్రగా, నున్నగా, తెల్లటి మొనలతో ఉన్నాయి.

"చెప్పడం రాదు నాకు" అన్నాడు.

"నీ గింజలకేమన్నా మీసాలున్నాయా తాతా?" అన్నారెవరో వెనక నుంచి. వరసంతా ఘొల్లుమంది. గింజలమ్మకీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే చాట వంపేసింది. గింజలు బొలబొలా జారి తక్కినవాటిలో కలిసిపోయాయి.

పెద్దాయన ఖాళీ సంచీ దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. "మొత్తం తెచ్చేశాను. మోకాళ్ళు పోయాయి, ఈ యేడు నేను వెయ్యలేను. ఇక్కడైతే భద్రంగా ఉంటుందని తెచ్చా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయాడు.

"తర్వాతెవరు?" అంది గింజలమ్మ.

లారీ రావడానికి ముందు మొలక చూడటం ఆమె అలవాటు. మొలకెత్తని గింజ డబ్బాలో పెడితే అది గింజ కాదు, గులకరాయి అంటుంది. ప్రతి పేరు నుంచీ గుప్పెడు తీసి, తడిపిన గోనెగుడ్డ ముక్కల మీద పరిచి, చుట్టలు చుట్టి, వసారాలో వెలుతురు తగిలే చోట బల్ల మీద వరసగా పెట్టింది. పూటపూటా చేత్తో నీళ్ళు చిలకరించింది. ఎర్ర చిక్కుడు అన్నిటికంటే ఎక్కువ కాబట్టి దానికి పెద్ద చుట్ట కట్టింది.

మర్నాడు సాయంత్రం మేనకోడలు వచ్చింది. ఆమె తమ్ముడి కూతురు, విత్తన పరీక్షా కేంద్రంలో ఉద్యోగం. పంట మీద ఉన్నప్పుడే వచ్చి పొలాల్లో చివురాకులు తుంపుకుపోయింది, ఏ రకానికి ఏది దగ్గరో లోపలి జన్యువులు చూసి చెబుతామని.

"అత్తా, నువ్వు ముందు కూర్చో."

"కూర్చోబెట్టి చెప్పేంత ఏం మునిగింది?"

మేనకోడలు ఫోను తీసి, చూసి, మళ్ళీ సంచీలో పెట్టేసింది. "మన నానమ్మ చిక్కుడుంది కదా. అదీ, పెద్దత్త వాళ్ళింటి కోడలి చిక్కుడూ, గోడపక్క చిక్కుడూ, ఆలస్యం చిక్కుడూ... నాలుగూ ఒకటే అత్తా. వెంట్రుకవాసి తేడా లేదు."

గింజలమ్మ నవ్వింది. "ఆలస్యం చిక్కుడు అందరివీ కోసేశాక కాస్తుందే! అమ్మ చిక్కుడుతో దానికి పోలికేంటి?"

"దాన్ని చెట్ల నీడన వేస్తారు కదా."

"గోడపక్కది గింజ లావు."

"అక్కడ పెంట కుప్ప ఉంది కదా."

గింజలమ్మ నవ్వు ఆగిపోయింది. అమ్మ ఆడపిల్లలందరి ఒళ్ళోనూ అత్తారింటికి పంపేటప్పుడు గుప్పెడు గింజలు కట్టింది. అక్క తీసుకుపోయింది. అక్క అత్తగారు దాన్ని కోడలు తెచ్చింది కాబట్టి కోడలి చిక్కుడంది. కోడలి దగ్గర తీసుకున్న తోడికోడలు గోడ పక్కన వేసింది. ఆ ఇంటి ఆడపడుచు ఇంకో చోటికి పట్టుకుపోయింది. గింజ ఒకటే. గడప దాటినప్పుడల్లా కొత్త పేరు తగిలించుకుంది. ఇంతకాలం ఆ డబ్బాలు పక్కపక్కనే పెట్టి తుడిచింది తనే. ఒక్కసారీ అనుమానం రాలేదు.

"అయితే ఆ నాలుగు పేర్ల కోసమా నేను సమావేశంలో అంత గొంతు చించుకుంది" అంది చివరికి.

"పేర్లు అబద్ధం కాదు అత్తా. ఎవరు ఎవరికిచ్చారో చెబుతాయి. గింజ లోపల ఏముందో చెప్పవు, అంతే."

"మరి ఎర్ర చిక్కుడు?"

"అదీ చేశాం. అది వేరే రకం. అందులో గొడవేమీ లేదు."

"ఎవరి పొలంలో తీసుకున్నావు?"

"బడి వెనక పొలంలో. పేరుకొకటి చొప్పున తీసుకున్నాం" అంది మేనకోడలు. ఆ మాట ఇద్దరి చెవులకీ మామూలుగానే వినిపించింది.

ఐదో రోజు చుట్టలు విప్పే వేళకి మేనకోడలు ఇంకా ఊళ్ళోనే ఉంది. గింజలమ్మ ముందు ఆ నాలుగు పేర్లవీ విప్పింది. మొలకలన్నీ ఊదారంగు కాడలతో, ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. నాలుగు గుడ్డల్నీ కలిపేసి, ఏది ఏదో చెప్పమంటే తన వల్ల కాదు. తర్వాత పెద్ద చుట్ట విప్పింది.

విప్పిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఒక మొలక కాడ లేత ఆకుపచ్చ. దాని పక్కది ముదురు ఊదా. ఇంకొకటి ఆకుపచ్చే, కానీ మెడ దగ్గర గులాబిరంగు జీర. గుడ్డంతా అలాగే కలగాపులగంగా లేచాయి. కొన్ని బారుగా, కొన్ని పొట్టిగా, కొన్ని ఇంకా పొట్టు విడవకుండా. ఆమె వేలి కొనతో ఒక్కో మొలకనీ పక్కకి జరిపింది. పచ్చవి ఒక వైపు. ఊదావి ఒక వైపు. జీరవి మధ్యలో. మూడు కుప్పలూ పెరుగుతూనే ఉన్నాయి.

"ఒక్క రకంలో కాడ రంగు ఇలా మారుతుందా?"

మేనకోడలు వంగి చూసింది. ఫోనుతో ఫొటో తీయబోయి మానేసింది. "మారదు. ఇది పైకి కనిపించే తేడా. లోపల ఇంకెన్ని తేడాలున్నాయో." ఫోను సంచీలో పెట్టేసి, "మేమూ నీలాగే చేశాం అత్తా. పేరొకటే కదా అని ఒక్క పొలంతో సరిపెట్టాం" అంది.

గింజలమ్మ తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. బొలబొలా గింజలు జారిన చప్పుడు ఇప్పుడు మళ్ళీ వినపడింది.

"ఎక్కడికత్తా?"

"గట్టు మీదికి."

దారి ఏటవాలు. పెద్దాయన పొలం చివర దడి కట్టుకుంటున్నాడు. ఈ యేడు వెయ్యని పొలానికి దడెందుకో ఆమె అడగలేదు. ఒక కర్ర తీసి అందించింది. ఆయన తీసుకుని, పాతి, తాడు బిగించాక గానీ ఇటు చూడలేదు.

"బాబాయ్, నీది వేరని నీకెలా తెలుసు?"

"అదిగో, అక్కడ." చేత్తో పొలంలో పల్లం చూపించాడు. "వానొస్తే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. పోయినేడు కిందందరికీ వేరుకుళ్ళు వచ్చి తీగలు పడిపోలా? నాది ఆ నీళ్ళలోనే నిలబడి కాసింది."

"ఆ రోజే ఆ ముక్క చెప్పాల్సింది!"

"గింజలో తేడా చూపించమన్నావు. గింజలో ఏముంది చూపించడానికి?"

ఆమె ఇంకో కర్ర చేతికి తీసుకుంది. "పోనీ, అంత తేడా తెలిసినప్పుడు దానికో పేరు పెట్టుకోకపోయావా?" అంది.

పెద్దాయనకి ఆ ప్రశ్నే వింతగా ఉంది. "పేరెందుకు? మా ఇంట్లో ఉన్నదే ఒక్క చిక్కుడు. ఎర్రగా ఉంటుంది, ఎర్ర చిక్కుడన్నాం. రెండుంటే కదా ఇది ఫలానా, అది ఫలానా అని పిలుచుకోవడం."

"ఇంట్లో ఏమన్నా మిగిలాయా?"

"చెప్పాగా, మొత్తం తెచ్చేశానని."

గింజలమ్మ దడి కర్ర పట్టుకుని నిలబడింది. "డ్రమ్ములో ఉన్నాయి నీవి. ఎక్కడికీ పోలేదు. తీస్తాను" అంది.

"ఎట్లా తీస్తావు, సముద్రంలో చెంబుడు నీళ్ళు పోసి?"

"మొలిపించి తీస్తాను."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. తరవాతి కర్ర కోసం చెయ్యి చాపాడు.

కిందికి వచ్చేసరికి సంఘం ముందు లారీ ఆగి ఉంది. హమాలీలు డ్రమ్ము దగ్గర గోనెలు విప్పుతున్నారు. కార్యదర్శి నిలబడి లెక్క చూస్తున్నాడు. పక్కన, ఈసారి వెయ్యడానికి తన వంతు చిక్కుడు సంచీలు తీసుకుపోదామని వచ్చిన అక్క గడప మీద కూర్చుని ఉంది.

"ఆపండి. ఆ డ్రమ్ము ఎత్తడానికి లేదు" అంది గింజలమ్మ ఆయాసపడుతూనే. లోపలికి పోయి డ్రమ్ము మూత పెట్టి, దాని మీద కూర్చుంది.

"ఇదేం చోద్యం వదినా!"

చెప్పింది. వసారాలోంచి గోనెగుడ్డ తెచ్చి మొలకలు చూపించమని మేనకోడలికి పురమాయించింది. కార్యదర్శి వంగి చూశాడు, తల గోక్కున్నాడు.

"బానే ఉంది. నాకూ కనబడుతోంది. కానీ ఏం చెయ్యమంటావు? పేరుకొక డబ్బా అని నానా యాగీ చేసి ఒప్పించింది నువ్వు. ఇప్పుడు ఒక్క పేరుకి మూడు డబ్బాలంటే బీరువాలో చోటేదీ? లారీ వాడికి ఏం చెప్పేదీ?"

"నా తప్పే. ఒప్పుకుంటున్నాగా. చోటు నేనిస్తా" అంది గింజలమ్మ. "అమ్మ చిక్కుడు, కోడలి చిక్కుడు, గోడపక్కది, ఆలస్యంది, నాలుగూ కలిపి ఒక్క డబ్బా చెయ్. మూడు డబ్బాలు ఖాళీ అవుతాయి. ఆ నాలుగింటిలో మిగిలిన సంచీలు లారీకెత్తు. కంపెనీ పిండే కదా పట్టుకునేది, ఏ చిక్కుడైనా దానికొకటే."

గడప మీది నుంచి అక్క దిగ్గున లేచింది. "ఏమన్నావే? అమ్మ చిక్కుడు పిండికి పోస్తావా?"

"ఒక డబ్బా ఉంచుతున్నాగా అక్కా."

"నలుగురిదీ కలిపి! ఆ డబ్బా మీద ఎవరి పేరు రాస్తావు? అమ్మ నా ఒళ్ళో కట్టిన గింజలవి. మా అత్తగారు చచ్చేదాకా నన్ను మెచ్చుకుంది ఆ ఒక్క చిక్కుడుకే. ఎవరో గట్టు మీది ముసలాయన కోసం ఇంటి గింజ మట్టిలో కలుపుతావా?"

"మట్టిలో కలవడం కాదక్కా. మన గింజ నాలుగు ఇళ్ళలో ఉంది. ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో దొరుకుతుంది. ఆయనది ఇంకెక్కడా లేదు. ఉన్నదంతా నా చేత్తోనే ఇందులో వంపాను."

"నీకు అమ్మంటే లెక్కలేదు. ఎప్పుడూ లేదు."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. గింజలమ్మ డ్రమ్ము మీద నుంచి లేచి, బీరువా తెరిచి, నాలుగు డబ్బాలూ దించింది. అమ్మ చిక్కుడు డబ్బా మూత తీసి, అందులో ఉన్నది చాటలో పోసింది. కోడలి చిక్కుడు దాని మీద పోసింది. గోడపక్కది. ఆలస్యంది. చేత్తో కలిపింది. ఏది ఏదో అక్కకీ తెలియలేదు, తనకీ తెలియలేదు. డబ్బా నిండా తీసి మూత బిగించి బీరువాలో పెట్టింది. బీరువాలో ఖాళీ అయిన మూడు చోట్లూ మరిది చూశాడు.

"లారీకి ఆ సంచీలు ఎత్తండి. డ్రమ్ము వదిలెయ్యండి" అన్నాడు హమాలీలతో.

అక్క తన సంచీ ఒక్కటి లాక్కుని, చెల్లెలి వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

డ్రమ్ములో సగం గింజల్ని మేనకోడలు సీలు వేయించి పరీక్షా కేంద్రానికి తీసుకుపోయింది. ఈసారి ఒక్కొక్కటీ విడిగా చూస్తామంది. తక్కిన సగం నుంచి గింజలమ్మ మొలకలు పోసింది. వసారాలో బల్ల చాలక, మంచం వేసి దాని మీద గుడ్డలు పరిచింది. కాడలు రంగు తేలగానే ఏరడం, పాత కాగితాలతో చుట్టిన మట్టి గొట్టాల్లో ఒక్కొక్కటీ నాటడం. మొలకని కాడ దగ్గర పట్టుకోకూడదు, నలుగుతుంది. పప్పుబద్దల దగ్గర రెండు వేళ్ళతో ఎత్తాలి. సంఘంలో నవ్విన వాళ్ళే ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి, చూసి, ఊరికే నిలబడలేక మట్టి కలిపి పెట్టారు. "తాత మీసాల గింజలివేనా?" అని ఒకాయన మళ్ళీ అన్నాడు గానీ, ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయనే సిగ్గుపడి నీళ్ళు తేవడానికి పోయాడు.

పెద్దాయనని పిలిపించింది. "ఇందులో నీది ఏది బాబాయ్?"

ఆయన చాలాసేపు మూడు వరసల మధ్యా తిరిగాడు. ఒక పచ్చ మొలక ముందు వంగాడు. నిటారయ్యాడు. "తెలీదు తల్లీ. భూమిలోంచి పైకొచ్చాకే నేను చూసేది, అదీ ఆకులేశాక. మొదట కాడ ఏ రంగో ఎప్పుడు చూశాను?" అన్నాడు. "ఆ పల్లంలో నాటితే తెలుస్తుంది. బతికింది నాది."

"బతకనివి?"

"బతకనివి నాకెందుకు?"

"నాకు కావాలి. నీళ్ళకి ఆగనిది ఎండకి ఆగుతుందేమో, ఎవరికి తెలుసు? సగం నీ పల్లంలో వేద్దాం. సగం పైన మెరకలో వేద్దాం. ఏదీ పోవడానికి వీల్లేదు."

"నాకు మోకాళ్ళు లేవని చెప్పానా?"

"నీ మోకాళ్ళు అడిగానా నేను? పొలం అడిగాను."

పెద్దాయన మీసం కింద ఏదో గొణిగాడు. కాదనలేదు.

సంఘం బండి గట్టు సగం దాకానే పోతుంది. అక్కడి నుంచి తట్టల్లో మొలకలు మోసుకెక్కారు. కార్యదర్శి కూడా ఒక తట్ట ఎత్తుకున్నాడు. చొక్కా మాసిపోతుందని ముందు సణిగినా, రాళ్ళ దగ్గర కాలు జారినప్పుడు మోకాలు కొట్టించుకున్నాడు గానీ తట్ట వదల్లేదు. గింజలమ్మ తాడు కట్టి వరసలు గీసింది. పెద్దాయన కర్రతో గుంటలు పొడుచుకుంటూ పోతే, వెనకాలే ఆమె ఒక్కొక్క గొట్టం దించి, మట్టి అదిమి, చేత్తో నీళ్ళు పోసింది. పచ్చవాటి పక్కన పచ్చవి, ఊదావాటి పక్కన ఊదావి, జీరవి విడిగా. పల్లం అయ్యాక మెరక. సాయంత్రం ఎండ వాలేసరికి తట్టలు ఖాళీ అయ్యాయి.

పెద్దాయన గట్టు మీద చతికిలబడి మోకాళ్ళు నొక్కుకుంటూ అడిగాడు. "రేపు వీటికి నీళ్ళెవరు పోస్తారు?"

"నేను" అంది గింజలమ్మ.

"ఎల్లుండి?"

"నేనే."

"పూతకొచ్చేదాకా? కాయ ఎండేదాకా? రోజూ ఈ ఏటవాలు ఎక్కి?"

"రోజూ."

"ఎక్కుతుంది, నడుం విరగ్గొట్టుకుని మంచాన పడుతుంది" అన్న మాట వినబడి ఇద్దరూ తిరిగి చూశారు.

అక్క కింది నుంచి ఎక్కి వస్తోంది, చేతిలో నీళ్ళ బిందెతో. దాన్ని గట్టు మీద దించి, పమిట చెంగుతో మొహం తుడుచుకుని, వరసల వైపు చూసింది. చెల్లెలి వైపు చూడలేదు.

"రోజు విడిచి రోజు నేనొస్తాను" అంది. "నీళ్ళు పొయ్యడానికే. నీతో మాటలు మాత్రం లేవు."

"సరే" అంది గింజలమ్మ.

"ఆ చివరి వరస తడవలేదు. కళ్ళు కనబడట్లేదా?"

గింజలమ్మ బిందె ఎత్తుకుని ఆ చివరి వరస దగ్గరికి నడిచింది.